పాత అడ్రసుకి జవాబు

2022 ఏప్రిల్ 4న శ్రీకాళహస్తి చిత్తూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఊరు అంగుళం కదల్లేదు. స్వర్ణముఖి పారేచోటే పారుతోంది, నీళ్ళున్న రోజుల్లో. కరక్కాయ పొడీ పాలూ కలిపి నానబెట్టిన గుడ్డని ఎండలో ఆరేసేవాళ్ళు ఆరేస్తూనే ఉన్నారు. అడ్రసులో ఒక్క మాట మారింది, అంతే. ఆ ఒక్క మాట వల్ల మా పెద్దమ్మ కొడుకు నడిపే ఆన్‌లైన్ అంగడిలో కొన్ని వందల పేజీల అడ్రసులు తప్పయిపోయాయి.

తప్పయిపోయాయి అనడం కూడా పూర్తిగా సరికాదు. పాత అడ్రసు కొడితే పేజీ తెరుచుకుంటూనే ఉంది. కాకపోతే ఆ అడ్రసులో రాసి ఉన్న సంగతి ఇప్పుడు నిజం కాదు. సైటుని మొదట కట్టినవాళ్ళెవరో గవర్నమెంటు దరఖాస్తు ఫారంలాగా కట్టారు. ముందు జిల్లా, తర్వాత ఊరు, ఆ తర్వాత వస్తువు. చిత్తూరు, ఏటవాలు గీత, శ్రీకాళహస్తి, ఇంకో గీత, చీర పేరు. మాధవమాల కొయ్య బొమ్మలదీ అదే వరస. వెంకటగిరి చీరలు నెల్లూరు కింద ఉండేవి. మదనపల్లె నీరుగట్టువారిపల్లె పట్టుచీరలు మళ్ళీ చిత్తూరు కింద. 2022 విభజనలో శ్రీకాళహస్తి, మాధవమాల, వెంకటగిరి మూడూ తిరుపతి జిల్లాకి వచ్చాయి, మదనపల్లె అన్నమయ్య జిల్లాకి పోయింది. మా అన్నకి ఫోన్లు మొదలయ్యాయి. "సైట్లో చిత్తూరు అని ఉండాది, కొరియర్ కాగితం మీద తిరుపతి అని ఉండాది, ఇది నిజమైన అంగడేనా సామీ?" అని. "ఆ పేర్లు మార్చిపెట్టరా, రెండు గంటల పని కదా" అన్నాడు నాతో. రెండు గంటల పనే. అందులో తేలిన ప్రశ్నలే ఇంకా నాతో ఉన్నాయి, అందుకే ఈ వ్యాసం.

పనేమిటో ముందు చెప్పాలి. ఈ పత్రిక చదివేవాళ్ళలో సగంమంది నా వృత్తివాళ్ళే అని తెలుసు, వాళ్ళు ఒక పేరా దాటెయ్యొచ్చు. తిరుపతి బస్టాండులో ఎవరో ఉత్తరాది భక్తుడు వచ్చి "తిరుపతికి బస్సు ఎక్కడ?" అని అడుగుతాడు. ఆయన నిలబడి ఉన్నది తిరుపతిలోనే. మా ఊరివాళ్ళు రెండు రకాలుగా జవాబిస్తారు. ఒకరు ఏమీ దిద్దకుండా "అదిగో, ఆ బస్సెక్కండి" అని కొండ బస్సు చూపిస్తారు. ఆయన మనసులో అది తిరుపతి బస్సే, మన మనసులో తిరుమల బస్సు. ఆయన అన్న పేరు అలాగే ఉంది, లోపల మనం అర్థం మార్చుకున్నాం. ఇంకొకరు "ఇది తిరుపతి సామీ, మీరు పోవాల్సింది తిరుమల. అట్లని అడగండి" అంటారు. ఆయన నోట్లో పేరు మారుతుంది, రేపు ఇంకోచోట కొత్త పేరుతోనే అడుగుతాడు. వెబ్ సర్వర్ దగ్గర మొదటిది రీరైట్, రెండోది రీడైరెక్ట్. మొదటిదాంట్లో బ్రౌజర్ పైన కనిపించే అడ్రసు మారదు, సర్వరే లోపల వేరే ఫైలు తీసి ఇస్తుంది. రెండోదాంట్లో సర్వర్ ఒక నంబరుతో పాటు కొత్త అడ్రసు పంపిస్తుంది, బ్రౌజర్ అక్కడికి పోతుంది. నంబరు 301 అయితే శాశ్వతంగా మారిందని. 302 అయితే ప్రస్తుతానికి అటు వెళ్ళమని.

అపాచీ సర్వర్‌లో ఈ పనిచేసే మాడ్యూల్‌ని 1996లో రాల్ఫ్ ఎంగెల్‌షాల్ అనే జర్మన్ ప్రోగ్రామర్ రాశాడు. ముప్పై ఏళ్ళు కావస్తున్నా దాని పద్ధతి మారలేదు. ఒక ఫైల్లో పైనుంచి కిందికి రూళ్ళు రాస్తావు. ప్రతి రూల్లో ఎడమవైపు 'ఇలాంటి అడ్రసు వస్తే' అన్న నమూనా, కుడివైపు 'ఇలా మార్చు' అన్న ఆజ్ఞ. మొదట సరిపోయిన రూలు దగ్గర ఆగిపొమ్మనొచ్చు. అందువల్ల వరస ముఖ్యం. చిత్తూరు కింద ఏమొచ్చినా తిరుపతి కిందికి పంపు అని ఒక్క ముక్కలో రాస్తే చాలా అందంగా ఉంటుంది, మదనపల్లె చీర కూడా తిరుపతికి పోతుంది. కుప్పం, పలమనేరు, పుంగనూరు చిత్తూరులోనే ఉండిపోయాయి, అక్కడి వస్తువులూ పోతాయి. కాబట్టి ముందు ఊరూరికీ విడిగా రాసి, అన్నీ అయిపోయాక అడుగున పెద్ద రూలు పెట్టాలి, పెట్టాలనుకుంటే. పెద్ద రూలు పైన ఉంటే కింద ఎన్ని మినహాయింపులు రాసినా వాటిదాకా ఎవరూ రారు. ఈ మాట సర్వర్ల గురించే అంటున్నాను, కానీ కలెక్టరాఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకి వేరే సంగతులు గుర్తొస్తే నా తప్పు కాదు.

ఇదంతా యంత్రం పని. చిక్కు ఇక్కడ లేదు. చిక్కు 301 అనే నంబరులో ఉంది.

టిమ్ బెర్నర్స్-లీ, వెబ్ కనిపెట్టినాయన, 1998లో 'కూల్ యూఆర్ఐస్ డోంట్ చేంజ్' అని ఒక చిన్న వ్యాసం రాశాడు. మంచి అడ్రసు మారదు, మారిందంటే కట్టినవాడు ముందుచూపు లేకుండా కట్టాడు అని ఆయన వాదన. కాలంతో మారిపోయే సంగతులేవీ, అంటే రచయిత పేరు, విషయాల విభజన, వాడిన సాఫ్ట్‌వేర్ పేరు, అడ్రసులో పెట్టొద్దంటాడు. చదివినప్పుడల్లా తల ఊపుతాను. కానీ ఆయనకి తట్టనిది ఒకటుంది. మారిపోయే సంగతులు ఏవో ముందే తెలుస్తాయని ఆయన నమ్మకం. మా అన్న సైటు కట్టినవాడు జిల్లా పేరు పెట్టినప్పుడు అదే అన్నిటికన్నా గట్టిదనుకొని ఉంటాడు. అంగళ్ళు మూతపడతాయి, సాఫ్ట్‌వేర్లు మారతాయి, జిల్లా ఎక్కడికి పోతుంది?

చిత్తూరు జిల్లావాళ్ళు ఆ ప్రశ్న అడక్కూడదు నిజానికి. ఈ జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న, ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల ముక్కలు కలిపి. తిరుత్తణినే చూడండి. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో అక్కడ పుట్టేనాటికి అది మద్రాసు ప్రెసిడెన్సీ, ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911 తర్వాత చిత్తూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. పాటస్కర్ అవార్డు ప్రకారం సరిహద్దులు మార్చి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణిని మద్రాసు రాష్ట్రానికి ఇచ్చారు, మనకి సత్యవేడు వైపు ఊళ్ళు వచ్చాయి. 1969లో మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయింది. ఇప్పుడు ఆ ఊరు తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. ఒక మనిషి పుట్టిన ఊరికి ఒక శతాబ్దంలో ఇన్ని అడ్రసులు. నా భాషలో దీన్ని రీడైరెక్ట్ చైన్ అంటారు, ఒకదాన్నుంచి ఒకదానికి, దాన్నుంచి ఇంకోదానికి. ఇరవై మలుపులు దాటితే క్రోమ్ చేతులెత్తేస్తుంది. మనుషులు ఇంకా ముందే ఎత్తేస్తారు. అందుకే రాధాకృష్ణన్ తెలుగువాడా తమిళుడా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నాం.

అలాంటి జిల్లాలో కూర్చుని 'శాశ్వతంగా' అనే నంబరు టైపు చెయ్యాలి. నేను కాసేపు ఆగాను. 302 పెడితే నిజాయితీగా ఉంటుందేమో, ప్రస్తుతానికి ఇది తిరుపతి జిల్లా అని. కానీ 302 చూసిన సెర్చ్ ఇంజిన్ సాధారణంగా పాత అడ్రసునే గుర్తుంచుకుంటుంది, అంటే పేరు మార్చిన పని సగమే అవుతుంది. 301 పెడితే బ్రౌజర్లు ఆ మాట నమ్మి దాచుకుంటాయి, మళ్ళీ మనల్ని అడక్కుండానే కొత్త చోటికి పోతాయి. నమ్మినవాళ్ళ దగ్గరకి మనం తిరిగి వెళ్ళి మాట మార్చడం చాలా కష్టం. చివరికి జిల్లా పేరునే అడ్రసులోంచి తీసేసి, ఊరూ వస్తువూ మాత్రం ఉంచి, పాతవాటన్నిటినీ 301తో అక్కడికి పంపాను. బెర్నర్స్-లీ చెప్పినట్టే. ఊరి పేర్లు కూడా మారతాయని తెలుసు, కానీ ఎక్కడో ఒకచోట కాలు పెట్టాలి కదా.

(తెలుగులోనే అడ్రసులు పెడదామని మా అన్నకి ఆశ ఉండింది. పెట్టొచ్చు. బ్రౌజర్లో చక్కగా తెలుగులో కనిపిస్తుంది కూడా. కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే మాత్రం ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లుగా, ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా విడిపోతుంది. అంటే 'క' ఒక్కటే తొమ్మిది అక్షరాలు. 'కలంకారీ' అని రాస్తే అరవైమూడు. తెలుగు వెబ్ పత్రికల లింకులు ఎందుకంత పొడుగ్గా, వైరస్‌లా కనిపిస్తాయో తెలియనివాళ్ళకి ఇదీ కారణం. ఇంగ్లీషు అక్షరాలతోనే సరిపెట్టుకున్నాం.)

ఇంతకీ పాత అడ్రసుల్ని ఎందుకు పట్టించుకోవాలి? మార్చేశాం, కొత్తది ఇదీ అని సైటు ముఖం మీద ఒక బ్యానర్ వేస్తే చాలదా? చట్టం దృష్టిలో చాలు. నా అభిప్రాయంలో చాలదు. అడ్రసు అనేది దాన్ని పెట్టినవాడి ఆస్తి కాదు, లేదా పూర్తిగా కాదు. పెట్టిన రోజున నాదే. నువ్వు రాసుకున్న రోజునుంచి అందులో నీ భాగం ఉంది. నువ్వు ఎక్కడ రాసుకున్నావో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. డైరీలోనో, ఎవరికో పంపిన మెసేజ్‌లోనో, ఒక పరిశోధన వ్యాసం కిందో. ప్యూ రీసెర్చ్ వాళ్ళు 2024లో లెక్క చూశారు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళకి దొరకడం లేదు. ఈ పేజీలన్నీ ఎవరో చెరపాలని చెరిపినవి కావు. చాలామటుకు ఎవరో సైటుని బాగుచేశారు, అంతే. కొత్త డిజైన్, కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త అడ్రసులు. బాగుచేసినవాడికి ఖర్చు కనపడదు, ఎందుకంటే దాన్ని కట్టేది వాడు కాదు. పదేళ్ళ కిందటి సాహిత్య వ్యాసాల అడుగున ఉన్న లింకులు వరసగా నొక్కి చూడండి, ఆ ఖర్చు కట్టేది ఎవరో తెలుస్తుంది.

పేరు మార్చేవాడు ఒకడు, తిప్పలు పడేవాడు ఇంకొకడు అన్నది వెబ్‌తో వచ్చింది కాదు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళని అడగండి. మారుస్తుంది లోకం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు ఉంటే ఇద్దరూ ఒకటేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకుని తిరగాల్సింది మాత్రం ఆమె. రీడైరెక్ట్ రూలు రాయాల్సింది మార్చినవాళ్ళు. మనం దాన్ని ఆమె చేతిలో కాగితంగా పెట్టి పంపించాం.

తిరుపతిలో ఉంటూ ఈ విషయం మాట్లాడుతూ టీటీడీని వదిలెయ్యలేం. దర్శనం టికెట్లకీ గదులకీ చాలా ఏళ్ళు మనమంతా టీటీడీసేవాఆన్‌లైన్ డాట్ కామ్‌కి పోయాం. 2020లో అది తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అయింది. 2024లో టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అయింది. ఒక్కొక్క మార్పూ విడిగా చూస్తే సబబే. డాట్ కామ్ ఎవరైనా కొనుక్కోవచ్చు, డాట్ గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ సంస్థలకి తప్ప ఇవ్వరు. కాబట్టి మొదటి మార్పు భద్రత వైపు వేసిన అడుగు. రెండోది సంస్థ అసలు పేరునే అడ్రసుగా చేసింది. ఏడుకొండలవాడా, వెంకన్నా అని పిలుచుకునే మావైపు 'బాలాజీ' కాస్త బయటి పిలుపుగానే వినిపిస్తుంది కనుక ఆ మార్పు నాకు నచ్చింది కూడా.

అయితే ఈ రెండు మార్పుల మధ్యలో, 2023 ఏప్రిల్‌లో, టీటీడీ ఒక నకిలీ సైటు మీద ఫిర్యాదు చేసింది. దాని పేరు తిరుపతిబాలాజీ హైఫన్ ఏపీ హైఫన్ గవ్ డాట్ ఆర్గ్. అసలు పేరులో చుక్కలున్నచోట అడ్డగీతలు, చివర ఇన్ బదులు ఆర్గ్. అంతకుముందే 40 నకిలీ సైట్ల మీద కేసులున్నాయి, ఇది 41వది. డొమైన్ పేరుని కుడినుంచి ఎడమకి చదవాలని, చివరి ముక్కలే యజమాని ఎవరో చెబుతాయని నాకు తెలుసు, ఎందుకంటే నాకు జీతమిచ్చేది అందుకే. తణుకు నుంచో నాందేడ్ నుంచో వచ్చే పెద్దావిడకి ఎందుకు తెలియాలి? ఆమెకి తెలిసిందల్లా పోయినసారి మనవడు బుక్ చేసిన సైటు పేరు. అది మారిందన్నారు. సరే, మారుతుంటాయి కాబోలు అనుకుంది. నన్ను బాధించేది ఈ 'మారుతుంటాయి కాబోలు'. మోసగాడి నేర్పు సగమే, మిగతా సగం ఈ అలవాటు. పేరు మార్చిన ప్రతిసారీ, ఎంత మంచి కారణంతో మార్చినా, కొత్త పేరు చూసి అనుమానపడే శక్తిని జనంలో కొంత తగ్గిస్తాం. రీడైరెక్ట్ రూలు ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చదు. కనీసం పాత పేరు పట్టుకుని వచ్చినవాళ్ళని అసలు యజమానే చెయ్యిపట్టుకుని కొత్త గుమ్మందాకా తెచ్చినట్టవుతుంది. అది లేకపోతే వాళ్ళు గూగుల్‌లో వెతుకుతారు, అక్కడ ఎవరు ముందు ఎదురొస్తే వాళ్ళ చెయ్యి పట్టుకుంటారు.

మా అన్న అంగడికి తిరిగొస్తాను. జిల్లాల పని ఐపోయింది. తర్వాత వచ్చిన ప్రశ్నకి నేను సిద్ధంగా లేను.

ఆ అంగడిలో చేత్తో గీసిన ప్రతి కలంకారీ చీరకీ ఒక చిన్న అట్టముక్క కట్టి పంపుతారు. దానిమీద క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే ఆ చీర గీసినవాళ్ళ పేజీ వస్తుంది. పేరు, ఫొటో, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, నలుపు రంగు ఇనుప తుక్కూ బెల్లమూ ఊరబెట్టి ఎట్లా తీస్తారు, ఇలాంటివి. శ్రీకాళహస్తిలో ఈ పని ఒక దశలో దాదాపు ఆగిపోయింది. 1950ల చివర్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం పెట్టాక మళ్ళీ ఊపిరి పోసుకుంది. 2008లో జొన్నలగడ్డ గురప్ప చెట్టిగారికి పద్మశ్రీ వచ్చింది. కానీ గీసేవాళ్ళలో ఎక్కువమంది పేర్లు బయటివాళ్ళకి తెలియవు. చీర మీద సంతకం ఉండదు. ఆ అట్టముక్కే సంతకం.

వాళ్ళలో ఒక పెద్దాయన 2021లో కరోనా రెండో వేవ్‌లో పోయారు. ఆయన గీసిన చీరలన్నీ అమ్ముడుపోయాయి. పేజీ మాత్రం ఉంది, నెలకి కొద్దిమంది వస్తున్నారు. మా అన్న అడిగిందేమిటంటే, ఆ పేజీకి వచ్చినవాళ్ళని ఆయన శిష్యుడి పేజీకి 301 చెయ్యమని.

"పోయినోళ్ళ పేజీ పెట్టుకుని ఏం చేస్తాంరా? ఆ పిల్లోడు అదే చెయ్యి, అవే బొమ్మలు. నాలుగు చీరలు అమ్ముడుపోతే ఆయన ఆత్మ సంతోషించదా?"

ఇందులో లోభం లేదు. ఉంటే సులభంగా కొట్టిపారేసేవాణ్ణి. అంగట్లో ఒకటి అడిగితే లేనప్పుడు ఇంకోటి చూపించడం ఎప్పటినుంచో ఉన్న మర్యాదే. పైగా ఆయన మాటలో లోతైన సంగతి ఒకటుంది. చేతిపనుల లోకంలో గురువు పని శిష్యుడి చేతిలోకి పోవడం నిజంగా జరుగుతుంది. ఆ కుర్రాడు గీసే పట్టాభిషేకంలో హనుమంతుడు కూర్చున్న తీరు గురువుగారిదే. 'నువ్వు వెతుకుతున్నది ఇప్పుడు ఇక్కడుంది' అని 301 చెబుతుంది. పరంపర చెప్పేదీ అదే కదా అని వాదించొచ్చు. రెండు రోజులు నేను ఆ వాదన వైపే ఉన్నాను.

నన్ను ఇవతలికి లాగింది అంగడి మర్యాదే. అంగట్లో మా అన్న ఏమంటాడు? "అది లేదమ్మా, అయిపోయింది. ఇది చూడండి." రెండు వాక్యాలు. 301లో మొదటి వాక్యం ఉండదు. లేదు అని చెప్పకుండానే ఇంకోటి చేతిలో పెడుతుంది, చిన్న ముక్క కూడా మాట్లాడకుండా, సెకనులో పదోవంతు కూడా పట్టకుండా. రీడైరెక్ట్ అనేది ఒక సౌకర్యం అని మనం అనుకుంటాం గానీ, అది ఒక వాక్యం. వాక్యం కనుక నిజమో అబద్ధమో అవుతుంది. శ్రీకాళహస్తి చీరల పేజీ చిత్తూరు కింద నుంచి ఇక్కడికి మారింది అన్నది నిజం. ఈ మనిషి ఆ మనిషిగా మారాడు అన్నది నిజం కాదు.

ఎవరికి అన్యాయం జరుగుతుందని మా అన్న ప్రశ్న. పోయినాయనకి తెలియదు, కొనేవాళ్ళకి చీరే కావాలి. నాకు ముగ్గురు కనిపించారు. 2019లో ఆ చీర కొన్న మనిషి ఎప్పుడో బీరువాలోంచి తీసి, అట్టముక్క స్కాన్ చేసి, కూతురికి చూపిస్తుంది. తెరమీద ఇంకొకరి ముఖం వస్తుంది. ఆమె ఇల్లు ఆ క్షణంనుంచి ఆ చీర గురించి ఒక తప్పు కథ చెప్పుకుంటుంది. రెండో మనిషి ఆ పెద్దాయన. చనిపోయినవాళ్ళకి అన్యాయం చెయ్యగలమా అన్నది పాత తగవు, నేను తీర్చలేను. ఆయన పేరు మిగిలిన చోట్లు చాలా తక్కువ, వాటిలో ఒకదాన్ని తియ్యబోతున్నాం అని మాత్రం తెలుసు. మూడో మనిషిని నేను ముందు చూడలేదు, ఆ శిష్యుడు. సొంత పేరుతో, సొంత గుమ్మంలోంచి రావాల్సినవాడు, ఎవరినో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళ ముందు బదులు మనిషిగా నిలబడతాడు. వాళ్ళు చూసేది ఆయన కానివాణ్ణి. అది సహాయమంటారా?

సర్వర్‌కి 410 అని ఒక నంబరుంది. 404 అంటే దొరకలేదు. ఉందో లేదో, ఎప్పుడైనా వస్తుందో రాదో చెప్పదు. 410 అంటే ఇక్కడ ఉండేది, ఇప్పుడు లేదు, తిరిగి వస్తుందనుకోవద్దు. వాడకంలో అరుదు. అంగళ్ళవాళ్ళు అమ్ముడైపోయిన వస్తువుల పేజీలన్నిటినీ గుంపుగా హోమ్ పేజీకి మళ్ళిస్తుంటారు. గూగుల్ కూడా అలాంటివాటిని చాలాసార్లు సాఫ్ట్ 404 అని లెక్కగట్టి పక్కన పెడుతుంది. మొహమాటంకొద్దీ దాచిన 404 అన్నమాట. ఈ విషయంలో యంత్రానికి మనకన్నా మొహమాటం తక్కువ. వస్తువులకి, అంటే ఒకే ఒక్కటి గీసి అమ్మేసిన చీరలకి, 410 సరిపోతుంది. మనిషికి అది కూడా సరిపోదు. లేరు అని చెప్పి తలుపు మూసేస్తే ఆ అట్టముక్క మళ్ళీ మూగదవుతుంది.

ఆయన పేజీ ఆయన అడ్రసులోనే ఉంది ఇప్పుడు. ధర ఉన్నచోట ధర తీసేశాం. పైన ఒక వాక్యం, ఆయన 2021లో పోయారని. కింద ఇంకో వాక్యం, ఆయన దగ్గర నేర్చుకున్న ఫలానా కుర్రాడు ఇప్పుడు గీస్తున్నాడని, అక్కడో లింకు. నొక్కాలనుకున్నవాళ్ళు నొక్కుతారు. నొక్కడం వాళ్ళ చేతిలో ఉంది, రీడైరెక్ట్‌లో ఉండదు. మా అన్న దీనికి వెంటనే ఒప్పుకోలేదు. "నువ్వు మరీ సాగదీస్తావు" అన్నాడు, తర్వాత ఫొటో ఇంకాస్త మంచిది వెతికి తెచ్చి ఇచ్చాడు.

మిగిలింది ఎంతకాలం అన్నది. రీడైరెక్టులు వీలైనంత కాలం ఉంచండి, కనీసం ఏడాది అంటుంది గూగుల్. సెర్చ్ ఇంజిన్ తన పుస్తకంలో అడ్రసులు దిద్దుకోవడానికి ఏడాది సరిపోవచ్చు. చీరకి సరిపోదు. మా అమ్మ బీరువాలో నా వయసున్న చీరలున్నాయి, ఇంకా కడుతుంది. డొమైన్ పేరుని ఒకేసారి పదేళ్ళకి మించి కొనలేం, డాట్ కామ్ అయినా అంతే. గడువు దాటాక మా అన్న మర్చిపోతే, లేదా అంగడే మూసేస్తే, ఆ పేరు ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. అప్పుడు ఆ అట్టముక్కలన్నీ వాళ్ళు చూపించాలనుకున్నచోటికి పోతాయి. దీనికి సర్వర్ ఫైల్లో రాయగలిగిన రూలు లేదు. ఉన్నంతకాలం ఉంచుతాం అన్నది రూలు కాదు, మాట.

పదేళ్ళకి డబ్బు కట్టించాను. అట్టముక్కల కొత్త బ్యాచ్ అచ్చుకి ఇచ్చినప్పుడు క్యూఆర్ కోడ్ కొంచెం చిన్నది చేయించి, పక్కన మామూలు తెలుగు అక్షరాల్లో గీసినవాళ్ళ పేరు, గీసిన ఏడాది, ఊరి పేరు వేయించాం. ప్రెస్సాయన ప్రూఫ్ చూసి జిల్లా పేరు మర్చిపోయారని ఫోన్ చేశాడు. వద్దులే అన్నాడు మా అన్న.